అంజీర్ మీద తెల్లపొడి: బూజా, చక్కెరా?

మీ కోల్డ్ రూమ్‌లోని ఎండు అంజీర్ మీద పట్టిన తెల్లపొడి బహుశా బూజు కాదు, పండులోని చక్కెరే పైకి తేలి ఉంటుంది. పెట్టె మొత్తం పారేసే ముందు:

1. ఒక పండును గోరువెచ్చని నీళ్లలో రుద్దండి. పొడి కరిగిపోతే చక్కెర.
2. నూగులా ఉండి ముక్కిన వాసన వస్తే బూజే. రుచి చూడొద్దు, పారేయండి.

చాలామంది మర్చిపోయేది ఇదీ: చల్లటి పెట్టెను బయటికి తేగానే మూత తీయకూడదు. గాలిలోని తేమ చల్లటి పండ్ల మీద నీళ్లై చేరుతుంది. మిగిలినవి ఆ తడితోనే మళ్లీ లోపలికి వెళ్తే జిగట, తెల్లపొర, చివరికి నిజంగానే బూజు. గది వేడికి వచ్చేదాకా మూత అలాగే ఉంచండి. పెద్ద పెట్టెయితే ముందురోజు రాత్రే బయట పెట్టుకోవాలి, వంట టెన్షన్‌లో ఇదెవరికీ గుర్తుండదు.

చక్కెర తేలినవి సాస్‌లోకి హాయిగా వాడొచ్చు. ప్లేటు మీద కనిపించేవైతే కాసేపు ఆవిరి పట్టండి.