పొక్కుల మీద మళ్లీ రంగు వేయించే ముందు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. చెన్నై కాశిమేడులో ఉంటూ వేట మీదే బతుకుతున్నాం. మూడు నెలల కిందట ఇక్కడే ఒకాయన దగ్గర పన్నెండేళ్ల నాటి ఫైబర్ బోటు కొన్నాను. అప్పుడే రంగు వేయించి ఉంది, మెరుస్తోంది. ‘బాడీలో ఎక్కడా పొక్కు లేదు’ అని వాట్సాప్‌లో పెట్టాడు. ఇప్పుడు అడుగుభాగమంతా పొక్కులు లేచి రంగు ఊడుతోంది. గోకి మళ్లీ వేస్తే చాలని పెయింటర్ అంటున్నాడు. అమ్మినాయన ‘చూసుకునే కొన్నావు కదా’ అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ఇంకా గోకించకపోతే దయచేసి ఆపండి. ఆ పొక్కులే మీ సాక్ష్యం.

పాత బోటును చూసుకుని కొనాల్సిన బాధ్యత కొన్నవాడిదే, అందులో ఆయన మాట నిజం. కానీ లోపం తెలిసీ దాన్ని రంగుతో కప్పితే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ ప్రకారం అది మోసం. అలాంటి ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చని 19వ సెక్షన్ చెబుతుంది. ఊరికే చెప్పకుండా ఊరుకున్నాడంటే, ‘జాగ్రత్తగా చూస్తే తెలిసేది కదా’ అని ఆయన తప్పించుకోవచ్చు. కప్పిపెట్టడం వేరు. ఆ తేడా మీదే మీ కేసు నిలబడుతుంది. లోపం ఆయనకు ముందే తెలుసని మీరే చూపించాలి.

అందుకే ముందు పడవలను పరీక్షించే, అనుభవమున్న సర్వేయర్‌ను పిలవండి. వీడియో తీస్తుండగా ఆయన చేతే ఒక పొక్కు గుచ్చించండి. వెనిగర్ లాంటి పుల్లటి వాసనతో ద్రవం కారితే, నీళ్లు పై పొర అయిన జెల్‌కోట్ దాటి ఫైబర్‌లోకి దిగినట్టు. అలాంటి తడి మీద ఎంత ఖరీదైన రంగు వేసినా మళ్లీ పొక్కుతుంది, మీ డబ్బు సముద్రంలో పోసినట్టే. రంగు పొరల మధ్య పాత పుట్టీ కనిపిస్తే, లోపం ముందే తెలిసి కప్పారనడానికి అది ఆధారం కావచ్చు; ఫోటో తీయించి, రిపోర్టులో రాయించండి. వాట్సాప్ మెసేజ్‌లు చెరపకండి, ఆ ఫోనూ మార్చకండి. 2023 సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద వాటికి సర్టిఫికెట్ జత చేయాలి.

తర్వాత లాయర్ నోటీసు. ఫలానా రోజులోపు వచ్చి బోటు చూసుకోమని, రాకపోతే రిపేరు చేయించి ఆ ఖర్చు రాబడతామని అందులో ఉండాలి. లోపం తెలిశాక కూడా ఏమీ అనకుండా రంగు వేయించి వాడుకుంటే, బోటును ఒప్పుకున్నారని ఆయన వాదిస్తాడు. అప్పుడు వాపసు కష్టం, నష్టపరిహారమే మిగలొచ్చు. వేట ఆగితే ఇల్లు గడవదని నాకు తెలుసు. అందుకే గడువు దాటాక రిపేరు చేయించుకోండి, ప్రతి బిల్లూ దాచండి.

అమ్మినాయన పడవల వ్యాపారి కాకపోతే వినియోగదారుల కమిషన్ దారి ఉండదు, సివిల్ కోర్టుకే వెళ్లాలి. మోసం తెలిసిన రోజు నుంచి మూడేళ్ల గడువు ఉంటుంది. వ్యాపారే అయితే, సొంతంగా వేట చేసుకుని బతకడానికి కొన్నది కాబట్టి 2019 చట్టం కింద మీరు వినియోగదారులే, గడువు రెండేళ్లు.

రంగు ఎంచుకునేటప్పుడు మత్స్యశాఖను అడగండి. 2008 ముంబై దాడుల తర్వాత తీర రాష్ట్రాల వేట పడవలకు వేర్వేరు రంగులు నిర్ణయించారు. గోకినప్పుడు పోయే రిజిస్ట్రేషన్ నంబరు మళ్లీ స్పష్టంగా రాయించాలి. ఆ రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉందో మీరు రాయలేదు. ఇంకా ఆయన పేరు మీదే ఉంటే, పేరు మార్పించుకునే ముందే ఆ కాగితాలు లాయర్‌కు చూపించండి.