అద్దె ఇవ్వరు, ఖాళీ చేయరు: తాళం వేయవచ్చా?

ప్రశ్న: నేను హనుమకొండలో ఉద్యోగం చేస్తున్నాను. అద్దె వస్తే వాయిదాలకు ఆసరాగా ఉంటుందని, బ్యాంకు రుణంతో హైదరాబాద్ మియాపూర్‌లో 48 లక్షలకు ఫ్లాటు కొన్నాను. అపార్ట్‌మెంటు 2019లో కట్టారు. రెండు నెలల అడ్వాన్సు తీసుకుని, నెలకు 16 వేలకు ఒక కుటుంబానికి ఇచ్చాను. స్టాంపు కాగితంపై రాసుకున్న 11 నెలల ఒప్పందం ఎప్పుడో ముగిసింది, మళ్లీ రాసుకోలేదు. ఐదు నెలలుగా అద్దె లేదు. అడిగితే ‘కోర్టుకు వెళ్లండి’ అంటున్నారు. కరెంటు తీయించి, వాళ్లు ఊరెళ్లినప్పుడు తాళం వేసేయమని బంధువుల సలహా. వేయవచ్చా? ఇలాగే ఉంటే ఇల్లు వాళ్లదైపోతుందా?
– ఒక పాఠకుడు

జవాబు: తాళం జోలికి వెళ్లకండి. ఇప్పటిదాకా న్యాయం మీ వైపు ఉంది. తాళం వేసిన రోజున అది అటు మారుతుంది. చట్టప్రకారం కాకుండా ఇంట్లోంచి గెంటేసినవారిపై, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి పొందే హక్కు అద్దెదారుకు ఉంది. ఇల్లు ఎవరి పేరున ఉందన్నది ఆ దావాలో లెక్కలోకి రాదు. పైగా, లోపల బీరువాలో నగలు ఉన్నాయని, అవి పోయాయని వాళ్లు పోలీసులకు ఫిర్యాదు ఇస్తే సంజాయిషీ చెప్పుకోవాల్సింది మీరు. కరెంటు, నీళ్లు ఆపినా ఇంతే.

ఇల్లు వాళ్లదైపోతుందన్న భయం వద్దు. మీ అనుమతితో అద్దెకు దిగిన మనిషి, అద్దెదారుగా ఉంటూనే మీ యాజమాన్యాన్ని కాదనలేరు. అయితే అద్దె బకాయికి మూడేళ్ల కాలపరిమితి ఉంది. నిర్లక్ష్యం చేస్తే పాత నెలల బకాయి ఒక్కొక్కటే చేజారిపోతుంది.

మీ కేసు రెంట్ కంట్రోల్ కోర్టుకు వెళ్లదు. భవనం కట్టి 15 ఏళ్లు నిండలేదు కాబట్టి 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం దానికి వర్తించదు. మీరు వెళ్లాల్సింది సివిల్ కోర్టుకు. గడువు ముగిశాక కూడా మీరు అద్దె తీసుకుంటూ వచ్చారు గనుక అది నెలవారీ అద్దెగా కొనసాగినట్టే. దాన్ని ముగించడానికి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 ప్రకారం 15 రోజుల నోటీసు చాలు.

ఆ నోటీసే మీ కేసుకు పునాది, కాబట్టి శ్రద్ధగా రాయించండి. అద్దె ఒప్పందాన్ని రద్దు చేస్తున్నట్టు, బకాయి ఎంతో, ఎప్పటిలోగా ఖాళీ చేయాలో, ఆపైన ఉన్న ప్రతి నెలకూ నష్టపరిహారం కోరతామని స్పష్టంగా ఉండాలి. స్పీడ్ పోస్టులో పంపి, చేరినట్టు రుజువు తీసుకోండి. తీసుకోవడానికి నిరాకరించారని కవరు తిరిగి వస్తే విప్పకండి. పోస్టుమ్యాన్ రాసిన ఆ ఒక్క ముక్కే రేపు కోర్టులో మీ సాక్ష్యం. ఒక జాగ్రత్త: నోటీసు గడువు తర్వాత వాళ్లు ఒక నెల అద్దె ఫోనులో పంపి, మీరు మాట్లాడకుండా ఉంచుకుంటే, నోటీసును మీరే వదులుకున్నారని వాదిస్తారు. ఏ సొమ్ము వచ్చినా దాన్ని అద్దెగా కాక, వాడుకున్నందుకు నష్టపరిహారంగానే జమ చేసుకుంటామని నోటీసులోనే రాయించండి.

గడువు దాటితే దావా. కోర్టు ఫీజు ఫ్లాటు విలువ మీద పడుతుందని చాలామంది జంకుతారు. ఖాళీ చేయించే దావాకు ఫీజు లెక్కించేది ఏడాది అద్దె మీద, అంటే మీ విషయంలో 1,92,000 మీద. బకాయి కోరినందుకు ఆ మొత్తంపై వేరుగా కట్టాలి. యజమానులు అంతగా పట్టించుకోని ఆయుధం ఇంకొకటి ఉంది. మన తెలుగు రాష్ట్రాల్లో సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో, అంటే సివిల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టంలో, ఆర్డర్ 15-ఎ ఉంది. దాని ప్రకారం అద్దెదారు దావా నడుస్తుండగా అద్దెను కోర్టులో జమ చేయాలి. చేయకపోతే అతని ప్రతివాదాన్నే కొట్టివేయమని కోరవచ్చు. ‘కోర్టుకు వెళ్లండి’ అని ధీమాగా అన్నవారికి అక్కడ ఊరికే ఉండటం కుదరదని అప్పుడు తెలుస్తుంది.

అయినా వాయిదాలు, అప్పీలు, ఆపైన డిక్రీ (కోర్టు తుది ఉత్తర్వు) అమలు ఉంటాయి. అందుకే నోటీసు అందగానే వాళ్లు మెత్తబడితే రాజీకి రమ్మనండి. అడ్వాన్సు 32 వేలు పోను మీకు రావాల్సింది 48 వేలు. ఖాళీ చేసే తేదీ ఖాయంగా చెబితే అందులో కొంత వదులుకోవడం నష్టమేమీ కాదని నా అభిప్రాయం. కానీ ఆ రాజీని నోటిమాటగా వదలకండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు ఇచ్చి, దావా వేయకముందే లోక్ అదాలత్‌లో రాయించండి. లోక్ అదాలత్ ఇచ్చే ఆ అవార్డుకు, అంటే ఉత్తర్వుకు, కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దానిపై అప్పీలు లేదు.

మీరు అడగలేదు గానీ, పెట్టుబడి గురించి ఒక మాట చెప్పాలి. 48 లక్షలపై ఏడాదికి 1,92,000 అంటే నాలుగు శాతం. ఇంటిపన్ను, మరమ్మతులు, ఇల్లు ఖాళీగా ఉన్న నెలలు పోతే ఇంకా తగ్గుతుంది. గృహరుణ వడ్డీ దీనికి రెట్టింపుకు దగ్గరగా ఉంటుంది. అద్దెను నమ్ముకుని వాయిదా కట్టేవారికి ఒక్క మొండి అద్దెదారు చాలు, జీతంలోంచి తీసి కట్టాల్సి వస్తుంది. ఆరు నెలల వాయిదాల సొమ్ము విడిగా పెట్టుకోకుండా రెండో ఫ్లాటు ఆలోచన చేయకండి. అద్దె బ్యాంకు ద్వారానే తీసుకోండి, ఒప్పందం గడువు తీరకముందే కొత్తది రాసుకోండి. ఎంత కాలానికి రాసుకున్నా దాన్ని రిజిస్ట్రేషన్ చేయించండి. లేదంటే అందులోని షరతులు కోర్టులో నిలవవు.

వాళ్లు ఖాళీ చేసే రోజు మీరు స్వయంగా వెళ్లండి. తాళంచెవులు ఎన్ని ఇచ్చారో, కరెంటు మీటరు రీడింగు ఎంతో, అడ్వాన్సు దేనికింద సర్దుబాటు చేశారో ఒక కాగితంపై రాసి, ఇద్దరూ సంతకాలు చేసి చెరొక ప్రతి తీసుకోండి.