పది పరీక్షలయ్యాక మీ గడప ముందుగా ఎవరు తొక్కారు?

మీరు అడిగింది ఇది: పల్లె పిల్లలు చివరికి ఏ కాలేజీలో తేలతారన్నది మార్కులను బట్టా, డబ్బును బట్టా? మీ ఇల్లు ప్రకాశం జిల్లా సింగరాయకొండ పక్కన. తమ్ముడు ఎనిమిది దాకా అక్కడే చదివి, తొమ్మిది, పది తరగతులు నెల్లూరు జిల్లా కావలిలో మేనత్త ఇంట ఉండి జిల్లా పరిషత్ బడిలో చదివాడు. 531 మార్కులు వచ్చాయి. నెల్లూరు కార్పొరేట్ కాలేజీ పీఆర్వో, అంటే పిల్లల్ని చేర్పించడానికి ఊళ్లు తిరిగే మనిషి, ఇంటికి వచ్చి ఫీజులో రాయితీ ఇస్తామన్నాడు.

మా ఇంట్లో జరిగింది చూస్తే మార్కులూ కాదు, డబ్బూ కాదు. పరీక్షలు అయిపోయిన రోజు నుంచి జూన్ దాకా ఇంటికి ఎవరు వచ్చారు, ఏం చెప్పి వెళ్లారు అన్నదే తేల్చింది.

మాది గుడ్లూరు మండలం, అప్పట్లో ప్రకాశం జిల్లా. 2006లో నేనూ మా పెదనాన్న కొడుకూ ఒకే బడిలో పది రాశాం. అన్నయ్యకు నాకంటే నలభై మార్కులు ఎక్కువ. మామిడి కోతలు జోరుగా ఉన్న రోజుల్లో ఒక రెసిడెన్షియల్ కాలేజీ పీఆర్వో మోటారు సైకిల్ మీద దిగాడు. నులక మంచం మీద కూర్చుని మజ్జిగ తాగి, ర్యాంకుల ఫొటోలున్న కరపత్రం పరిచి, సగం ఫీజు చాలన్నాడు. పెదనాన్న చేతిలో తోట డబ్బులు ఆడుతున్నాయి. అన్నయ్య ఆ వారమే పెట్టె సర్దుకున్నాడు. ఆ మనిషి మా ఇంటి వైపు రాలేదు. ఆడపిల్లను హాస్టల్లో వేయరని ఊళ్లో ఎవరో చెప్పే ఉంటారు.

మా ఇంటికి వచ్చింది అంగన్‌వాడీ టీచరమ్మ. అదీ నా చదువు కోసం కాదు, ఆవకాయకు కాయల కోసం. బేరం ఆడుతూ ఆడుతూ తన చెల్లెలు ఒంగోలు పాలిటెక్నిక్‌లో చదువుతోందని, దానికి సీప్ అనే పరీక్ష రాయాలని చెప్పింది. ఇప్పుడు దాన్నే పాలీసెట్ అంటున్నారు. దరఖాస్తుకు రెండు రోజులే గడువు. ఆ కాయలు మరో మూడు రోజులు ఆగి కొని ఉంటే నేను మండల కేంద్రంలో ఏదో ఒక గ్రూపులో చేరి ఉండేదాన్ని.

నెల్లూరులో ఆడపిల్లల ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది కదా, అక్కడ వేద్దామన్నాడు నాన్న. మాకు రాకపోకలు, పెళ్లి బట్టలు, డాక్టర్లు అన్నీ కావలి, నెల్లూరు వైపే. కానీ సీట్ల లెక్క వేరు. రాజ్యాంగం 371-డి అధికరణ కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ప్రకాశం జిల్లా ఆంధ్రా విశ్వవిద్యాలయం ప్రాంతం, నెల్లూరు శ్రీవెంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాంతం. 85 శాతం సీట్లు ఆ ప్రాంతపు పిల్లలవి, మిగిలిన 15 శాతానికి అందరూ పోటీ పడాలి. అలా ఒంగోలు డీఏ పాలిటెక్నిక్‌కు వెళ్లాను. మొదటి ఏడాదంతా ఉలవపాడు స్టేషన్లో ప్యాసింజరు ఎక్కి వెళ్లి రావడమే. ఆ బండి ఆలస్యమైన రోజు మొదటి పీరియడు దక్కేది కాదు. అయినా సీజన్ టికెట్ లేకపోతే నాకు డిప్లొమా లేదు.

ఈ లోకల్ సంగతి మీకు వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ తమ్ముడు సరిగ్గా ఆ గీత మీద నిలబడి ఉన్నాడు. లోకల్ అంటే పుట్టిన ఊరు కాదు, రేషన్ కార్డులోని ఊరూ కాదు, చదివిన చోటు. అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్లు వరుసగా ఒకే ప్రాంతంలో చదివితే అక్కడ లోకల్. అలా కుదరకపోతే చివరి ఏడేళ్లలో ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివితే అక్కడ. అన్నయ్య ఆరు నుంచి పది దాకా మా జిల్లాలో చదివి ఇంటర్ నెల్లూరులో చేశాడు కాబట్టి ఏడింట అయిదేళ్లు మా వైపే పడ్డాయి. మీ వాడు తొమ్మిది, పది కావలిలో చదివాడు. ఇంటర్ కూడా నెల్లూరులోనో కావలిలోనో చదివితే నాలుగేళ్లూ వరుసగా ఎస్వీ ప్రాంతంలో పడతాయి. అప్పుడు ఇంజనీరింగ్‌కు ఒంగోలు, గుంటూరు, విజయవాడల్లో నాన్‌లోకల్ అవుతాడు. ఇంటర్ ఒంగోలులో చేస్తే ఆంధ్రా ప్రాంతం లోకలే. ఏది మేలో నేను చెప్పలేను, తిరుపతి, అనంతపురం వైపే చదివించాలనుకుంటే మొదటిదే నయం. పీఆర్వో మాత్రం ఈ లెక్క మీకు చెప్పడు.

అన్నయ్య సంగతి చెప్పాలంటే, తెలుగు మీడియం నుంచి ఒక్కసారిగా ఇంగ్లీషులో పడి, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లలో నలిగి, మొదటి ఏడాది ఫిజిక్స్ పోగొట్టుకున్నాడు. సప్లిమెంటరీలో గట్టెక్కి, కావలి జవహర్ భారతిలో బీఎస్సీ, తర్వాత బీఈడీ చేశాడు. ఇప్పుడు హైస్కూల్లో ఫిజిక్సే చెబుతున్నాడు, అదో తమాషా.

నేను డిప్లొమా వాళ్లకు పెట్టే ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి 2009లో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరాను. కన్వీనర్ సీటు, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో వచ్చింది, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది, ఖర్చు లేదనుకున్నాం. చదువు అయ్యేనాటికి ప్రభుత్వం నుంచి సొమ్ము రాలేదని కాలేజీ వాళ్లు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వలేదు. ఉద్యోగానికి చూపించాల్సిన తేదీ దగ్గరపడింది. నాన్న తోటను పూత మీదే వ్యాపారికి గుత్తకు ఇచ్చి కట్టాడు. ఆ ఏడాది కాపు బాగా వచ్చింది, లాభమంతా వ్యాపారిది. ఆ మాట నాన్న ఎప్పుడూ ఎత్తలేదు, అమ్మ మాత్రం ఇప్పటికీ ఎత్తుతుంది. ఉచితమన్నా కొంత డబ్బు పక్కన పెట్టుకోండి. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో 70 శాతం కన్వీనర్ కోటా, మిగతాది మేనేజ్‌మెంట్ కోటా. రెండో దానికి రీయింబర్స్‌మెంట్ వర్తించదు.

మీరు రాష్ట్ర ప్రభుత్వ ట్రిపుల్ ఐటీ (ఆర్జీయూకేటీ) మాటే ఎత్తలేదు, అది నాకు ఆశ్చర్యం. ప్రవేశ పరీక్ష ఉండదు, పదో తరగతి మార్కులే ఆధారం. ప్రభుత్వ బడి పిల్లలకు కొంత అదనపు వెయిటేజీ కూడా ఉంటుంది. ఇంటర్ స్థాయి రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు కలిపి ఆరేళ్లు అక్కడే. దానికి దరఖాస్తు చేయకుండా నెల్లూరులో అడ్వాన్సు కట్టకండి.

ఇవన్నీ తర్వాత. ముందు తమ్ముడు చదివిన రెండు బళ్లకూ వెళ్లి, లోకల్ లెక్కకు రుజువుగా స్టడీ సర్టిఫికెట్లు రాయించుకోండి. మా బడి రిజిస్టరులో నా ఇంటిపేరు తప్పు పడింది, దాన్ని దిద్దించుకోవడానికి పదకొండు రోజులు తిరిగాను.