తమ్ముడూ, టులెట్ బోర్డులు చదువు

తమ్ముడూ,

నువ్వు పంపిన నాలుగు వ్యాసాలూ చదివాను. చెయ్యి బాగుంది, ఆ విషయంలో టెన్షన్ పడకు. కాకపోతే నాలుగూ పండగలే. రంజాన్ రాత్రులు, మొహర్రంనాటి బీబీ కా ఆలం ఊరేగింపు, బోనాలు, గణేశ్ నిమజ్జనం. ప్రతి దాంట్లోనూ తిండి. హైదరాబాద్‌లో ఇన్ని రకాల జనం ఒకచోట ఎలా బతుకుతున్నారో రాస్తానని కదా మొదలుపెట్టావు? పండగనాడు అందరూ ముస్తాబై ఉంటారు, నలుగురూ చూస్తారని వాళ్ళకీ తెలుసు. అద్దె, అప్పు, నల్లా నీళ్ళు, బడి ఫీజు నడిచే మామూలు రోజున పోయి చూడు.

చార్మినార్ పక్కన గాజుల బజారు, లాడ్‌బజార్ సంగతే తీసుకో. నీ వ్యాసంలో గాజులు తళతళ మెరిశాయి, అంతే. ఏ బుధవారమో మధ్యాహ్నం, బేరాలు పల్చగా ఉన్నప్పుడు వెళ్ళి ఒక కొట్టు ముందు కూర్చో. నల్గొండ నుంచో జనగామ నుంచో పెళ్ళివాళ్ళు వస్తారు. 'రెండు ఆరా, రెండు ఎనిమిదా' అని సైజు అడిగే దగ్గర్నుంచి, పెళ్ళిచీరకి ఏ రంగు నప్పుతుందో చెప్పేదాకా కొట్టాయన తెలుగులోనే మాట్లాడతాడు. పక్కకి తిరిగి కుర్రాణ్ణి ఇంకో డబ్బా తెమ్మనేది మాత్రం దక్కనీలో, అంటే హైదరాబాదీ ఉర్దూలో. పెళ్ళివాళ్ళకి ఉర్దూ ముక్క రాకపోయినా వచ్చే నష్టం లేదు. అక్కణ్ణుంచి బేగంబజార్ వెళ్ళు. జిల్లాల నుంచి సరుకు కోసం వచ్చే కిరాణా వాళ్ళతో మార్వాడీ సేఠ్ చక్కని తెలుగు మాట్లాడతాడు. అదే కొట్లో మూటలు మోసే పాలమూరు హమాలీ సేఠ్‌కి హిందీలో జవాబు చెప్పడం వింటావు. ఎవరి భాష ఎవరు నేర్చుకోవాల్సి వచ్చిందో గమనిస్తే, ఎవరి అవసరం ఎవరికి ఎక్కువో ఇంకొకరు చెప్పక్కర్లేదు. 'ఇక్కడ అందరూ అన్ని భాషలూ మాట్లాడతారు' అని నువ్వు మురిసిపోతూ రాసిన వాక్యం కొట్టెయ్.

కొట్టు దగ్గరే ఆగిపోకు. లక్కని నిప్పుల మీద మెత్తబరిచి, సన్నగా సాగదీసి లోహపు గాజుకి చుట్టి, వేడి ఆరకముందే ఒక్కొక్క రాయీ అద్దే చోటికి వెళ్ళు. 2024లో ఈ గాజులకి జీఐ ట్యాగ్ (ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చిందని రాశావు, మంచిదే. 2015 జనవరిలో ఇదే పాతబస్తీలో గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు వందలమంది పిల్లల్ని విడిపించారు, ఎక్కువమంది బీహార్ నుంచి తెచ్చినవాళ్ళు. అది నీ వ్యాసంలో లేదు. హిందూ ముస్లింల కలివిడి సంస్కృతికి వాడే 'గంగా జమునా తెహజీబ్' అన్న మాట మాత్రం పేజీకి రెండుసార్లు ఉంది. ఆ మాట అబద్ధమని నేననను. దాన్ని వాడే హక్కు మాత్రం ఆ సందులు కూడా చూసొచ్చినవాడిదే.

బార్కస్‌కి వెళ్ళినప్పుడు మండీ (అరబ్బుల మాంసం, అన్నం వంటకం) ప్లేటు ఫొటో తీసి వచ్చేశావని అర్థమైంది. నిజాం సైన్యంలో కొలువు చేసిన అరబ్బుల బ్యారక్‌లు అవి, వాళ్ళ పూర్వీకులు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చారు. 1948లో నిజాం పాలన పోయాక ఆ కొలువు కూడా పోయింది. ఆ ఇళ్ళవాళ్ళు తర్వాత ఏం చేసి బతికారు, గల్ఫ్‌కి ఎవరు వెళ్ళారు, వెనక్కొచ్చి ఏం పెట్టుకున్నారు? ఇవి అడగాలి. ఎదురుపడగానే 'మీరు యెమెన్ వాళ్ళా?' అనకు. ముత్తాత నుంచీ ఇక్కడే పుట్టి పెరిగినవాడికి ఆ ప్రశ్న ఎలా తగులుతుందో ఆలోచించు. పైగా ఒక్క మనిషిని పట్టుకుని వాళ్ళందరి తరఫునా జవాబు చెప్పమంటే ఎవరు మాత్రం ఏం చెప్తారు?

నన్నడిగితే నగరాన్ని చదవడానికి టులెట్ బోర్డుని మించింది లేదు. 'వెజిటేరియన్స్ ఓన్లీ', 'ఫ్యామిలీస్ ఓన్లీ'. కొన్ని షరతులు బోర్డు మీద ఉండవు, పేరు అడిగి 'ఇల్లు అయిపోయింది' అంటారు. టోలీచౌకీ వైపు చదువుకోడానికి వచ్చిన సూడాన్, సోమాలియా కుర్రాళ్ళుంటారు. వాళ్ళకి ఏ వీధిలో ఇల్లు దొరుకుతుంది, అడ్వాన్స్ ఎంత అడుగుతారు, అర్ధరాత్రి గొడవైతే ఓనర్ ముందు ఎవరికి ఫోన్ చేస్తాడు? ఇళ్ళ బ్రోకర్‌తో స్నేహం చెయ్. (ప్రొఫెసర్లు ఏమీ అనుకోకపోతే ఒక మాట: ఈ విషయంలో యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్‌కి తెలిసినదానికంటే బ్రోకర్‌కి తెలిసిందే ఎక్కువ.)

మానవశాస్త్రవేత్త ఎస్.సి.దూబే 1950ల మొదట్లో ఉస్మానియా నుంచి వెళ్ళి శామీర్‌పేట అనే ఒక్క ఊరినే పట్టుకున్నారు. ఎవరి ఇంట్లో ఎవరు తింటారు, ఎవరి పని ఎవరు చేస్తారు అన్నది ఇల్లిల్లూ తిరిగి రాయించారు. ఇవాళ ఆ ఊరి పక్క నుంచే ఔటర్ రింగ్ రోడ్డు పోతుంది. నువ్వూ నగరమంతా వదిలేసి ఒక్క సందు పట్టుకో. పదే పదే అక్కడికే వెళ్ళు. వాళ్ళు నిన్ను పట్టించుకోవడం మానేసినప్పుడు అసలు సంగతులు వినబడతాయి.

ఫోను జేబులోనే పెట్టు, చెప్పకుండా రికార్డు చెయ్యకు. చాయ్ డబ్బులు నువ్వే ఇవ్వు. బాలాపూర్‌లో మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యాల దగ్గరికి వెళ్తానన్నావు. వెళ్ళు, కానీ పేరు, గుడిసె గుర్తులు, పని చేసే చోటు ఏదీ అచ్చులోకి రాకూడదు. నీకు అది వ్యాసం, వాళ్ళకి పొద్దున్నే తలుపు కొట్టే పోలీసు కావచ్చు.

వచ్చే నెలలోగా టోలీచౌకీ టులెట్ బోర్డుల మీద రెండు పేజీలు పంపు. అందులో బిర్యానీ గాని, హలీం గాని కనబడితే చదవకుండానే తిప్పి పంపేస్తాను.

మీ అన్న