తప్పుల్లేవు, కానీ వాయిద్యంలో ప్రాణం లేదు: పాపకు ఎలా చెప్పాలి?

"మా పాప ఏడాదిగా పియానో నేర్చుకుంటోంది. ఒక్క తప్పూ రాదు, అయినా మెషిన్ వాయించినట్టే ఉంటుంది. ఏం చేయాలి?" అని ఒకరు అడిగారు. నేను హైదరాబాద్‌లో పిల్లలకు పియానో నేర్పుతాను. నన్నడిగితే పాప వేళ్లలో ఏ లోపమూ లేదు. ఆ పీస్ దేని గురించో ఆమెను ఎవరూ అడిగి ఉండరు.

"ఫీల్‌తో వాయించు" అంటే చిన్నపిల్లలకు ఏం అర్థమవుతుంది? సంగీతం క్లాసుల్లో "భావం పెట్టి పాడమ్మా" అనడం కూడా అంతే.

రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ 1878లో పిల్లల కోసం రాసిన 24 పీసుల్లో జబ్బుపడిన బొమ్మ మీద ఒకటుంది. స్వరానికీ స్వరానికీ మధ్య విరామాలు వస్తుంటాయి. నా దగ్గరికొచ్చే ఒక అమ్మాయి వాటిని వేళ్ల మీద లెక్కపెట్టి దాటేసేది. చేతులు ఒళ్లో పెట్టుకోమని, "బొమ్మ ఎక్కడ పడుకుంది?" అన్నాను.

"అమ్మమ్మ మంచం మీద."

"ఏమైంది?"

"జ్వరం. నుదుటి మీద తడిగుడ్డ వేశాం."

"నిద్రపోయిందా?"

"లేదు టీచర్, మూలుగుతోంది."

"అయితే ఆ మూలుగు నాకు వినిపించు."

ఈసారి ఒక్కో విరామం దగ్గర ఊపిరి ఆగి మళ్లీ అందుకున్నట్టు వాయించింది. సంగీతం బరువెక్కే చోట ఆగి, "ఇక్కడ జ్వరం పెరిగిందా?" అంది. నువ్వే చెప్పమన్నాను. కాసేపు ఆలోచించి, పెరిగిందని తేల్చుకుని, అక్కడ తనంతట తానే గట్టిగా నొక్కింది. అప్పటిదాకా నేను పెన్సిల్‌తో గీసిన గుర్తులేవీ చేయలేని పని అది.

ఊహ ఇంత పని చేయడానికి కారణం పియానోలోనే ఉంది. మీట నొక్కగానే లోపల సుత్తి తీగను కొట్టి వెనక్కి వచ్చేస్తుంది. ఆ తర్వాత వేలు ఏం చేసినా శబ్దం పెరగదు, వీణ మీదలా తీగ లాగి గమకం పలికించడమూ కుదరదు. కాబట్టి ఆ స్వరం ఎలా ఉండాలో వేలు దిగకముందే మనసులో ఉండాలి. ఊహ చేసే పని అదే.

కథ మాత్రం మీరు చెప్పకండి, పాపను అడగండి. పేరు లేని మినుయెట్ (పాతకాలపు యూరప్ నాట్య సంగీతం) అయితే పేరు కూడా తననే పెట్టమనండి. గ్రేడ్ పరీక్ష పేరుతో ఏడాది పొడవునా అవే మూడు పీసులు రుద్దించే పద్ధతి నాకు అసలు నచ్చదు. నెలల తరబడి అదే వాయిస్తుంటే ఏ పిల్లకైనా ఊహ ఎండిపోతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. ఇంట్లో ఉన్నది ఏ కీబోర్డు? "ముందు ఆసక్తి ఉందో లేదో చూద్దాం" అని చాలామంది తల్లిదండ్రులు టచ్ రెస్పాన్స్ లేనిది కొంటారు. మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా అది ఒకేలా పలుకుతుంది. ఇక పాప ఎంత ఊహించుకుని ఏం లాభం? పెద్ద పియానో అందరికీ కుదరదు, తెలుసు. 88 వెయిటెడ్ కీస్ (అసలు పియానో మీటల్లా బరువుగా దిగేవి) ఉన్న డిజిటల్ పియానో చాలు. ఈ రోజే ఒకే మీటను రెండు రకాలుగా నొక్కి చూడండి. కొన్నింటిలో టచ్ రెస్పాన్స్ సెట్టింగ్ ఆఫ్‌లో ఉంటుంది, అదీ చూడండి. అప్పటికీ తేడా వినిపించకపోతే, టీచర్ని మార్చే ముందు కీబోర్డు మార్చండి.