గుంటూరులో స్కేట్‌బోర్డు నేర్పించాలంటే ముందు నేలను చూడండి

మీ ప్రశ్న సారాంశం ఇది: గుంటూరు బ్రాడీపేటలో ఉంటున్నారు, మీ అమ్మాయికి పదకొండేళ్లు, పారిస్ ఒలింపిక్స్ వీడియోలు చూసినప్పటి నుంచి స్కేట్‌బోర్డు కావాలని పట్టుబడుతోంది. ఊళ్లో రోలర్ స్కేటింగ్ నేర్పేవారు ఉన్నారు గానీ స్కేట్‌బోర్డు నేర్పేవారు మీకు దొరకలేదు. అందువల్ల ముందు రోలర్ స్కేటింగ్‌లో చేర్పించాలా, ఎలాంటి బోర్డు కొనాలి, ఈ ఆటలో ముందుకు వెళ్లే దారి ఏమైనా ఉందా అని అడిగారు. నేను విజయవాడలో ఇంజినీరింగ్ చదివే రోజుల్లో బోర్డు ఎక్కినవాణ్ణి. ఉద్యోగంలో చేరాక కూడా వదల్లేదు. ఇప్పుడు మా అపార్టుమెంటు పిల్లలకు ఆదివారాలు ఉదయం నేర్పుతున్నాను కాబట్టి, ఈ అనుభవం మేరకు జవాబు రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకు సూటిగా చెబుతాను: అందుకోసమే అయితే రోలర్ స్కేటింగ్‌లో చేర్పించనవసరం లేదు. స్కేట్స్‌లో పాదాలు బూటులో బిగిసి ఉంటాయి; చూపూ ఛాతీ ప్రయాణమూ ఒకే దిక్కుగా సాగుతాయి. బోర్డు మీద మనిషి పక్కకు తిరిగి నిలబడాలి, పాదాలకు ఏ కట్టూ ఉండదు, మలుపు తిరగడమంతా మడమల మీదికీ మునివేళ్ల మీదికీ బరువు మార్చడంతోనే జరుగుతుంది. రింకులో రెండేళ్లు సాధన చేసి వచ్చిన పిల్లలకు నేను బోర్డు నేర్పాను. పడతామన్న భయం వారిలో తక్కువగా ఉంది, అంతకుమించి కలిసొచ్చినదేమీ నాకు కనిపించలేదు. ఇందులో ఒక విచిత్రం కూడా ఉంది. మన వైపు తల్లిదండ్రులు రోలర్ స్కేటింగ్‌ను ఆటగా, స్కేట్‌బోర్డును బొమ్మగా చూస్తారు. ఒలింపిక్స్‌లో మాత్రం రోలర్ స్కేటింగ్‌కు పతకాలు లేవు, స్కేట్‌బోర్డింగ్‌కు 2021లో జరిగిన టోక్యో క్రీడల నుంచి ఉన్నాయి. రోలర్ స్కేటింగ్‌ను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. 2023లో జరిగిన హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మన పురుషుల, మహిళల రిలే జట్లు రెండూ అందులో కాంస్యాలు తెచ్చాయి. ఏ ఆట కావాలంటే ఆ ఆటే నేర్పించడం మేలని మాత్రమే నా అభిప్రాయం.

గుంటూరు, విజయవాడ రెండు ఊళ్లలోనూ ఈ ఆటకు అసలైన అడ్డంకి నేల. శిక్షకుడు లేని లోటును ఫోనులో దొరికే పాఠాలు కొంతవరకు తీరుస్తాయి, నేల లోటును ఏదీ తీర్చదు. తారు రోడ్డు కంటికి నున్నగా కనిపించినా చక్రం కింద గరగరలాడుతుంది. సీసీ రోడ్డు పోసేటప్పుడు వాహనాలు జారకుండా పైన చీపురు గీతలు గీస్తారు, పైగా కొన్ని అడుగులకొక అతుకు వస్తుంది. కాలిబాటల మీదా పార్కుల్లోనూ పరిచే ఇంటర్‌లాకింగ్ బ్లాకుల సందులు చక్రాన్ని జానెడుకోసారి తంతాయి. వాకిళ్లలో వేసే పార్కింగ్ టైల్స్ మీద గళ్లు కావాలనే పెడతారు. కడప బండలు నునుపే గానీ కాస్త తడి తగిలితే జారుతాయి, పాతబడేకొద్దీ ఒక బండ లేచి, పక్క బండ కుంగి, అతుకు దగ్గర అంచు తేలుతుంది. బాగా పనికొచ్చేవి పాత సిమెంటు గచ్చు, బడి ఆవరణలో ఉండే సిమెంటు బాస్కెట్‌బాల్ కోర్టు, ఈమధ్య కట్టిన అపార్టుమెంట్ల సెల్లార్లలో యంత్రంతో నునుపు చేసిన కాంక్రీటు. విజయవాడలో 2016 కృష్ణా పుష్కరాలకు వెడల్పు చేసిన ఘాట్లను చూస్తే మొదట ఆశ పుడుతుంది గానీ వాటి మీద అతుకులు ఎక్కువ, తడి ఎక్కువ. అన్నిటికీ మించి అవి జనం స్నానాలు చేసే, పెద్దలకు పిండాలు పెట్టుకునే చోట్లు. తెల్లవారుజామున ఎవరూ లేనప్పుడు పక్కగా తొక్కుకుంటూ వెళ్తే ఎవరికీ బాధ లేదు. మెట్ల అంచుల మీద బోర్డును ఒరిపించే గ్రైండ్ విన్యాసాలు అక్కడ చేయడానికి మాత్రం నేను ఒప్పుకోను, ఎందుకంటే అంచు నల్లబడి పెచ్చులు లేస్తుంది, ఆ తర్వాత మనల్ని తరిమేసినా తప్పు పట్టలేం.

సెల్లారు విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ అమ్మాయి మొదటి ఏడాది అంతా బహుశా అక్కడే గడుస్తుంది. రోహిణి కార్తె ఎండలోనూ శ్రావణం వానలోనూ అక్కడ ఆడుకోవచ్చు. అయితే బోర్డు తోక, అంటే పైకి వంగిన వెనక కొన, నేలకు తగిలిన ప్రతిసారీ వచ్చే చప్పుడు పైకప్పుకు కొట్టుకుని రెండో అంతస్తు దాకా వినిపిస్తుంది. ముందుగానే అసోసియేషన్ సెక్రటరీ గారిని కలిసి, మధ్యాహ్నం పెద్దవాళ్లు కునుకు తీసే వేళ ఆడబోమని మాట ఇచ్చి, ఉద్యోగస్తుల కార్లు బయటికి వెళ్లిన తర్వాతి సమయాన్ని అడిగి తీసుకోండి. సెల్లారులోకి దిగే వాలు మీద పిల్లల్ని ఎట్టి పరిస్థితిలోనూ బోర్డు ఎక్కనివ్వకండి, పైనుంచి వచ్చే కారుకు కింద ఉన్న పిల్ల కనిపించదు.

నేలను బట్టి చక్రాలు, చక్రాలను బట్టి బోర్డు ఎంచుకోవాలి. మన దగ్గర చాలామంది బోర్డు మీది బొమ్మ చూసి కొంటారు. చక్రాల గట్టితనాన్ని ఒక అంకెతో, పక్కన ‘ఏ’ అక్షరంతో ముద్రిస్తారు. 99ఏ అంటే బాగా గట్టి, 78ఏ అంటే మెత్తన. ఒలింపిక్స్‌లో కనిపించే స్ట్రీట్ (మెట్లు, పట్టీల లాంటి వీధి అడ్డంకుల మీద ఆడే విభాగం) బోర్డులకు ఉండేవి దాదాపు 50 నుంచి 54 మిల్లీమీటర్ల గట్టి చక్రాలు, అవి నున్నటి నేల కోసం చేసినవి. బ్రాడీపేట అడ్డరోడ్ల మీద అలాంటి చక్రానికి చిన్న కంకర రాయి అడ్డం వస్తే చాలు, బోర్డు అక్కడికక్కడే ఆగిపోతుంది, మనిషి మాత్రం ముందుకు పోతాడు. చక్రం ఎంత చిన్నదైతే రాయిని ఎక్కడానికి అంత నిటారుగా లేవాలి, గట్టిదైతే అణగదు కూడా. ఈ బాధ మనకొక్కరికే వచ్చింది కాదు. 1970ల ఆరంభం వరకు అమెరికాలోనూ మట్టితో, లోహంతో చేసిన చక్రాలే ఉండేవి. ఫ్రాంక్ నాస్వర్తీ అనే యువకుడు పాలీయురేథేన్ చక్రాలను తెచ్చిన తర్వాతే నేల మీద పట్టు కుదిరి, కాలిఫోర్నియాలో అప్పటికే చల్లారిన ఆట మళ్లీ లేచింది. ఇంటి చుట్టూ తిరగడమే ఎక్కువైతే 56 నుంచి 60 మిల్లీమీటర్ల మెత్తటి చక్రాలు, సెల్లారులోనే ఆడుతుందంటే గట్టి చక్రాలు తీసుకోండి. మెత్తటివి బరువుగా ఉంటాయి, నేలను వదలవు, విన్యాసాలకు అంతగా లొంగవు. అయినా మొదటి కొన్ని నెలలకు నేను వాటికే ఓటు వేస్తాను.

బోర్డు కొనేటప్పుడు పక్క నుంచి చూస్తే మేపుల్ చెక్క పొరలు ఏడు లెక్కకు రావాలి, కింద చక్రాల ఇరుసులను పట్టి ఉంచే భాగం, ఆటలో దాన్ని ట్రక్ అంటారు, ప్లాస్టిక్ కాకుండా లోహంతో ఉండాలి, చక్రాన్ని వేలితో తిప్పి వదిలితే చప్పుడు లేకుండా కొంతసేపు తిరగాలి. పదకొండేళ్ల పిల్లకు ఏడున్నర అంగుళాల వెడల్పు సరిపోతుంది. బొమ్మల దుకాణాల్లో చవకగా దొరికే వాటిని నేను బోర్డుల లెక్కలో వేయను. వాటి మీద పిల్ల ఎంత కష్టపడినా బోర్డు మలుపు తిరగదు, లోపం తనలోనే ఉందని అనుకుంటుంది. బేరింగుల కోసం మాత్రం ఆన్‌లైన్‌లో వెతకనవసరం లేదు. స్కేట్‌బోర్డులో ఉండేవి ఎనిమిది, అన్నీ 608 సైజు, అంటే లోపలి రంధ్రం 8, బయటి వ్యాసం 22, మందం 7 మిల్లీమీటర్లు. చిన్న మోటార్లలోనూ వాడే సైజు కాబట్టి విజయవాడ ఆటోనగర్‌లో బేరింగుల దుకాణానికి వెళ్లి ‘ఆరు సున్నా ఎనిమిది’ అంటే తీసి ఇస్తారు, నేనైతే అక్కడే కొంటాను. మన దుమ్ముకు అవి త్వరగా గరగరమంటాయి. అప్పుడు విప్పి పెట్రోలుతో కడిగి ఆరబెట్టి, ఒక్కో చుక్క కుట్టుమిషను నూనె వేస్తే మళ్లీ దారికొస్తాయి. పెట్రోలు పని పెద్దవాళ్లదే, పిల్లల చేతికి ఇవ్వకండి. వాననీళ్లలో తొక్కిన బోర్డు చెక్క ఉబ్బి పొరలు విడిపోతుంది, దానికి మందు లేదు.

ఇక నేర్చుకోవడం. ఏ కాలు ముందు పెట్టాలో మీరు నిర్ణయించకండి. ఎడమ కాలు ముందు పెట్టేవారిని రెగ్యులర్ అనీ, కుడి కాలు ముందు పెట్టేవారిని గూఫీ అనీ అంటారు, రెండింటిలో ఎక్కువ తక్కువలు లేవు. కుడికాలు శుభమని ముందుకు పెట్టించిన తాతగారిని నేను ఎరుగుదును. ఆ మనవడు ఎడమ కాలు ముందుకు మార్చుకున్న రోజునే బోర్డు మీద నిలబడ్డాడు. మొదట గడ్డి మీద నిలబడటం, తర్వాత ఒక కాలితో నేలను తోస్తూ సాగడం, ఆపడం, తోకను నొక్కి తిప్పడం, ఆ తర్వాతే ఆలీ. చేతితో పట్టుకోకుండా బోర్డుతో సహా గాలిలోకి లేవడాన్ని ఆలీ అంటారు. 1970ల చివర్లో ఫ్లోరిడాకు చెందిన అలన్ గెల్ఫాండ్ గుంటల్లాంటి పార్కుల్లో దీన్ని చేశాడు, 1980ల ఆరంభంలో రాడ్నీ మల్లెన్ చదునైన నేల మీద సాధించాడు, నేటి స్ట్రీట్ విన్యాసాలలో అధిక భాగం దాని మీదే ఆధారపడ్డాయి. అది రావడానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో హెల్మెట్, మణికట్టు గార్డులు తీయనివ్వకండి. పడేటప్పుడు చేయి నిటారుగా ఆనిస్తే మణికట్టు ఎముక విరుగుతుంది కాబట్టి, మోకాళ్లు ముడిచి భుజం మీదుగా దొర్లడం పరుపు మీద ముందే అలవాటు చేయించండి.

అమ్మాయి ఒకే విన్యాసం దగ్గర పదేపదే పడుతుంటే, ఇది తనకు రాదేమోనని మీకు అనిపిస్తుంది. పారిస్ స్ట్రీట్ ఫైనల్ లెక్క చూడండి: ఒక్కొక్కరికి 45 సెకన్ల పరుగులు (బోర్డు మీద వరుసగా విన్యాసాలు చేస్తూ సాగడం) రెండు, విడి విన్యాసాలు ఐదు ఇస్తారు, మేలైన పరుగు ఒకటి, మేలైన విన్యాసాలు రెండు మాత్రమే లెక్కిస్తారు. అంటే ఐదింటిలో మూడు చెడినా స్వర్ణం గెలవవచ్చు. జపాన్‌కు చెందిన యూటో హోరిగోమే సరిగ్గా అలాగే చివరి విన్యాసానికి 97.08 తెచ్చుకుని, అమెరికాకు చెందిన జాగర్ ఈటన్‌ను పాయింటులో పదోవంతు తేడాతో దాటాడు. పడటాన్ని ఇంతగా లెక్కలోకి తీసుకున్న పోటీ నాకు మరొకటి తెలియదు.

ఆడపిల్ల రోడ్డు మీద బోర్డు తొక్కితే చుట్టాలు ఏమంటారో అన్న జంకు మీ ప్రశ్నలో కొంచెం కనిపించింది. ఈ ఆటలో ప్రపంచం చూసిన పెద్ద పేర్లలో కొన్ని మీ అమ్మాయి ఈడువే: టోక్యోలో స్ట్రీట్ స్వర్ణం గెలిచిన మోమిజి నిషియాకూ, రజతం గెలిచిన బ్రెజిల్ పిల్ల రైసా లియాల్‌కూ అప్పటికి పదమూడేళ్లు. పారిస్‌లో పార్క్ (గుంటల్లాంటి కట్టడంలో ఆడే విభాగం) స్వర్ణం గెలిచిన ఆస్ట్రేలియా అమ్మాయి అరీసా ట్రూకు పద్నాలుగు. మన దేశంలోనే చెప్పాలంటే, మధ్యప్రదేశ్ పన్నా జిల్లా జన్వార్ గ్రామంలో ఉల్రికే రైన్‌హార్డ్ అనే జర్మన్ మహిళ 2015లో స్కేట్‌పార్కు కట్టించి రెండు షరతులు పెట్టారు: బడికి వెళ్లనిదే బోర్డు లేదు, వరుసలో ఆడపిల్లలే ముందు. ఆ ఊరి ఆశా గోండ్ 2018లో చైనాలోని నాన్‌జింగ్‌లో జరిగిన ప్రపంచ పోటీల దాకా వెళ్లింది. చుట్టాలకు చూపించడానికి ఆ ఊరి వీడియోలు బాగా పనికొస్తాయి, మా ఇంట్లో పనికొచ్చాయి.

భవిష్యత్తు సంగతి. జాతీయ స్థాయిలో ఈ ఆటను కూడా భారత రోలర్ స్కేటింగ్ సమాఖ్యే చూస్తుంది, 2022లో గుజరాత్‌లో జరిగిన జాతీయ క్రీడల్లో స్కేట్‌బోర్డింగ్ పోటీలు పెట్టారు. అంటే పోటీల దారి మళ్లీ మీ జిల్లా స్కేటింగ్ సంఘం గుండానే వెళ్తుంది కాబట్టి అక్కడివారితో పరిచయం ఉంచుకోండి. కానీ మొదటి రెండేళ్లు పతకం ఊసెత్తకండి. ఉద్యోగంలో రిజర్వేషను కోసమో సీటు కోసమో బోర్డు ఎక్కించిన పిల్లలు తొందరగా దిగిపోవడం చూశాను. అంతకంటే మీ వీధిలో మరో ఇద్దరు పిల్లలకు కూడా బోర్డులు కొనేలా చూడటం ఎక్కువ మేలు చేస్తుంది. ముగ్గురు ఉంటే వెల్డింగు దుకాణంలో బోర్డు ఒరిపించడానికి అడుగు ఎత్తు ఇనుప పట్టీ చేయించుకోవచ్చు, వడ్రంగితో చిన్న వాలు కొట్టించుకోవచ్చు, బాస్కెట్‌బాల్ కోర్టు కోసం బడి యాజమాన్యాన్ని అడిగితే వింటారు. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో బర్న్‌సైడ్ వంతెన కింద 1990లో కుర్రాళ్లు సొంతంగా సిమెంటు కలిపి పోసుకున్న చోటును తర్వాత నగరం వారికే వదిలేసింది. మన ఫ్లైఓవర్ల కింద నీడ పట్టున ఖాళీగా పడి ఉన్న నేలను చూసినప్పుడల్లా ఆ సంగతి నాకు గుర్తొస్తుంది, కార్పొరేషన్ వారికి ఎప్పుడు గుర్తొస్తుందో మరి.

అమ్మాయికి ఆలీ వచ్చాక సెలవుల్లో ఒకసారి బెంగళూరుకో, హైదరాబాదుకో, చెన్నై దగ్గరి కోవళానికో తీసుకెళ్లి అసలు స్కేట్‌పార్కు చూపించండి. అక్కడి కాంక్రీటు మీద మెత్తటి చక్రాలు మొండికేస్తాయి, కాబట్టి సంచిలో గట్టి చక్రాలు నాలుగు, నట్లు విప్పే టీ ఆకారపు పానా ఒకటి వేసుకోండి.