ఇంజన్ డిస్క్‌కి ఎక్స్‌పైరీ డేట్ వేసే ఉద్యోగమట, అమ్మాయిని పంపొచ్చా?

ఒక తండ్రి పంపిన ప్రశ్న, కాస్త కుదించి పెడుతున్నా: "మా అమ్మాయి మెకానికల్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. సాఫ్ట్‌వేర్ ఆఫర్ చేతిలో ఉంది. తనేమో జెట్ ఇంజన్‌లో తిరిగే పార్టులు ఎంతకాలం వాడొచ్చో లెక్కగట్టే పని చేస్తానంటోంది, దానికోసం మాస్టర్స్ కూడా చేస్తుందట. మందు సీసా మీద ఎక్స్‌పైరీ డేట్ వేసినట్టు ఒక లోహపు ముక్క మీద డేట్ వేయడం కూడా కెరీరేనా? మరీ ఇరుకు ఫీల్డ్ కాదా? రేపు అదంతా కంప్యూటరే చేసేస్తే?"

మీ ఎక్స్‌పైరీ డేట్ పోలిక బాగుందండీ, చాలావరకు కరెక్టే కూడా. కాకపోతే ఇక్కడ లెక్క నెలల్లో ఉండదు, సైకిల్స్‌లో ఉంటుంది. ఇంజన్ స్టార్ట్ చేసి టేకాఫ్‌కి ఫుల్ పవర్ ఇచ్చి, ఎగిరి, దిగి, ఆపేస్తే ఒక సైకిల్ అన్నమాట. డిస్క్‌కి, అంటే బ్లేడ్లు చుట్టూ గుచ్చుకుని తిరిగే లోహపు చక్రానికి, దెబ్బ ఎక్కువగా ఆ లోడ్ ఎక్కి దిగడంలోనే తగులుతుంది కాబట్టి గంట ప్రయాణమైనా పది గంటల ప్రయాణమైనా ఖాతాలో పడేది ఒక సైకిలే. ఈ పనిని ఫీల్డ్‌లో లైఫింగ్ అంటారు, ఆ పార్టుల్ని లైఫ్ లిమిటెడ్ పార్ట్స్ అంటారు, లిమిట్ ఖాతా నిండిన రోజు ఆ పార్టు చూడ్డానికి కొత్తదానిలా మెరుస్తున్నా, ఎక్కడా గీత కూడా లేకపోయినా తీసి స్క్రాప్ చేయాల్సిందే, బేరాల్లేవు.

ఎందుకంత పట్టింపు అంటే, ఇంజన్‌లో ఒక బ్లేడ్ విరిగితే దాన్ని చుట్టూ ఉన్న కేసింగ్ ఆపాలి, సర్టిఫికేషన్ టైంలో ఫుల్ స్పీడ్‌లో ఫ్యాన్ బ్లేడ్‌ని కావాలనే తెగగొట్టి అది బయటికి రాదని చూపించాలి. డిస్క్ అలా కాదు. డిస్క్ ముక్కలైతే ఆ శక్తిని ఆపగలిగే కేసింగ్ కట్టాలంటే ఆ బరువుకి విమానమే లేవదు. కాబట్టి డిస్క్ విషయంలో విరిగితే ఏం చేద్దాం అనే ప్రశ్నకి చోటే లేదు, విరగకూడదు అంతే. అమెరికా విమాన భద్రతా సంస్థ ఎఫ్ఏఏ రూల్ 33.70, యూరప్‌లో అలాంటి సంస్థే అయిన ఈఏఎస్ఏ రూల్ సీఎస్-ఈ 515 రెండూ చెప్పేది ఇదే, విరిగే లోపే తీసేసేలా లిమిట్ పెట్టు, ఆ లిమిట్ ఎలా పెట్టావో మాకు చూపించు అని. మీ అమ్మాయి చేస్తానంటున్నది ఆ "చూపించు" అన్న దాని వెనకుండే పని.

సరే ఆ నంబర్ ఎలా వస్తుందో కొంచెం దగ్గరగా చూద్దాం, ఇందులో ఎంత పని ఉందో అప్పుడే అర్థమవుతుంది. డిస్క్ మీద స్ట్రెస్, అంటే లోహం లోపల పడే ఒత్తిడి, తిరిగే వేగం వర్గంతో పెరుగుతుంది. అంటే స్పీడ్ 5 శాతం పెరిగితే స్ట్రెస్ సుమారు 10 శాతం పెరుగుతుంది, స్ట్రెస్ 10 శాతం పెరిగితే ఫెటీగ్ లైఫ్ (లోడ్ మళ్ళీ మళ్ళీ పడి పగలడానికి పట్టే సైకిల్స్) కూడా ఏ 10 శాతమో తగ్గుతుందిలే అనుకుంటాం కదా, కాదు, మెటల్‌ని బట్టి మూడో వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఊడిపోతుంది. దానికి తోడు డిస్క్ అంచు ఒక టెంపరేచర్‌లో, మధ్యలో బోర్ (నడిమి రంధ్రం) ఇంకో టెంపరేచర్‌లో ఉంటాయి, టేకాఫ్‌లో అంచు ముందు వేడెక్కుతుంది, బోర్ నెమ్మదిగా అందుకుంటుంది, ఆ తేడా వల్ల వచ్చే స్ట్రెస్ వేరే. బోల్టు రంధ్రం దగ్గర ఒకలా, బ్లేడ్ కూర్చునే గాడి దగ్గర ఇంకోలా. ప్రతి చోటుకీ విడివిడిగా లెక్కేసి, అన్నిట్లో తక్కువ వచ్చిన దాన్నే పార్టు మొత్తానికి లిమిట్‌గా పెడతారు.

ఇంతా చేస్తే అది సగటు డిస్క్ కథ మాత్రమే. ఒకే బ్యాచ్ మెటల్‌తో చేసిన టెస్ట్ ముక్కల్ని ఒకే లోడ్‌తో లాగి వదిలి లాగి వదిలి చూస్తే ఒకటి ఎప్పుడో పగులుతుంది, ఇంకోటి దానికి రెండింతలు బతుకుతుంది, తప్పు ఎవరిదీ కాదు, ఫెటీగ్ అంటేనే అంత చెదురుతుంది. అందుకని సంప్రదాయంగా వాడే సేఫ్ లైఫ్ పద్ధతిలో సగటుని చూడరు, బలహీనమైన తోకని చూస్తారు. వెయ్యి డిస్కుల్లో ఒక్కదానికి మాత్రమే అంగుళంలో ముప్పై రెండో వంతు, అంటే 0.8 మిల్లీమీటర్ పొడవు పగులు మొదలయ్యే అవకాశం ఉన్న సైకిల్ దగ్గర గీత గీస్తారు. ఆ మాట తిరగేసి చూడండి, మిగతా 999 డిస్కులు బాగుండగానే చెత్తలోకి పోతాయి! ఈ వృథా చూసే అమెరికా ఎయిర్‌ఫోర్స్ 1980ల్లో ఎఫ్100 అనే యుద్ధవిమాన ఇంజన్ డిస్కుల మీద వేరే దారి పట్టింది, పగులు నిజంగా కనిపిస్తేనే తీసేద్దాం, లేకపోతే ఇన్‌స్పెక్ట్ చేసి మళ్ళీ వాడదాం అని. సివిల్ విమానాల్లో మాత్రం గట్టి లిమిటే నడుస్తోంది, నా ఉద్దేశంలో అదే మంచిది, ప్రయాణికులతో వెళ్ళే ఇంజన్‌ని ఒక్క ఇన్‌స్పెక్షన్ మీద వదిలేయడం నాకైతే మింగుడుపడదు.

ఎందుకు పడదో చెప్తా, మీ కంప్యూటర్ ప్రశ్నకి జవాబు కూడా ఇందులోనే ఉంది.

1989 జులై 19న యునైటెడ్ 232, డీసీ-10 విమానం, తోక ఇంజన్‌లో ఫ్యాన్ డిస్క్ గాల్లో పగిలి మూడు హైడ్రాలిక్ సిస్టమ్‌లూ పోయాయి, సూ సిటీ ఎయిర్‌పోర్ట్‌లో కూలింది, 296 మందిలో 112 మంది చనిపోయారు. ఆ టైటానియం డిస్క్ లిమిట్ 18,000 సైకిల్స్, పగిలింది 15,503 దగ్గర. లెక్క తప్పిందా అంటే స్ట్రెస్ లెక్క తప్పలేదు. మెటల్ కరిగించి పోసినప్పుడే లోపల నైట్రోజన్ పట్టి గట్టిపడిన చిన్న మచ్చ ఉండిపోయింది, హార్డ్ ఆల్ఫా అంటారు దాన్ని, పగులు అక్కడే పుట్టింది, మొదటి రోజు నుంచే పెరుగుతూ వచ్చింది. లిమిట్ వేసినవాళ్ళు మెటల్ శుభ్రంగా ఉందనుకుని వేశారు. పైగా అంతకుముందు ఏడాది షాపులో పెనెట్రెంట్ టెస్ట్ (ద్రవం పూసి పగుళ్ళు వెతికే పరీక్ష) చేసినప్పటికే ఆ పగులు పైకి దాదాపు అర అంగుళం ఉండుంటుందని అమెరికాలో ప్రమాదాల్ని దర్యాప్తు చేసే ఎన్‌టీఎస్‌బీ లెక్క తేల్చింది, అప్పుడూ ఎవరి కంటా పడలేదు.

ఆ తర్వాత పరిశ్రమ అంతా కూర్చుని పద్ధతి మార్చుకుంది. ఇప్పుడు సేఫ్ లైఫ్ ఒక్కటే చాలదు, మెటల్‌లో మచ్చ ఉండొచ్చు అని ముందే అనుకుని, ఎంత సైజు మచ్చ ఎంత అరుదుగా ఉంటుంది, డిస్క్‌లో ఎక్కడుంటే ఎంత ప్రమాదం, ఇన్‌స్పెక్షన్‌లో దొరికే అవకాశం ఎంత, ఇవన్నీ కలిపి ప్రాబబిలిటీ లెక్క వేయాలి. టైటానియం డిస్కుల కోసం 2001లో ఎఫ్ఏఏ ఇచ్చిన గైడెన్స్‌లో ఒక్కో పార్టుకి టార్గెట్ ఒక ఫ్లైట్ సైకిల్‌కి వంద కోట్లలో ఒక వంతు రిస్క్. ఈ లెక్కకి డార్విన్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, సౌత్‌వెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు తయారు చేశారు. అంటే కంప్యూటర్ ఈ పని ఎప్పట్నుంచో చేస్తోందండీ, రేపేం కొత్తగా రాదు. కానీ ఏ మచ్చని ఊహించాలి, ఆ డేటా ఎంతవరకు నమ్మాలి, ఫలానా ఫోర్జింగ్‌లో (వేడి లోహాన్ని నొక్కి ఆకారం ఇవ్వడంలో) వచ్చిన తేడా పాత లెక్కని చెడగొడుతుందా లేదా, అది మనిషే తేల్చి సంతకం పెట్టాలి.

అది ఆగిపోయిన కథ కూడా కాదు. 2016 అక్టోబర్‌లో షికాగో ఓ'హేర్‌లో అమెరికన్ 383 టేకాఫ్ పరుగులో ఉండగా టర్బైన్ డిస్క్ పగిలి రెక్క అంటుకుంది, అందరూ బతికి బయటపడ్డారు. ఈసారి నికెల్ అల్లాయ్, లిమిట్ 15,000, పగిలింది 10,984 దగ్గర, మళ్ళీ మెటల్ లోపలి మచ్చే, కాకపోతే వేరే జాతి. 2017 సెప్టెంబర్‌లో గ్రీన్‌లాండ్ మీదుగా వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 66, ఏ380, ఫ్యాన్ హబ్ (ఫ్యాన్ బ్లేడ్లు కూర్చునే మధ్య భాగం) ఊడిపోయింది, కెనడాలో క్షేమంగా దిగింది, ఆ ముక్కని రాడార్‌తో వెతికి 2019లో మంచు కింద నుంచి తవ్వి తీశారు. చూస్తే మచ్చ లేదు! ఒకే దిక్కున పేర్చుకున్న గ్రెయిన్స్, అంటే లోహపు చిన్న స్ఫటికాల, గుంపు ఉంది, లోడ్ కింద కాసేపు అలా పట్టి ఉంచితే అలాంటి చోట టైటానియం మామూలు కంటే త్వరగా పగులుతుంది, దాన్ని కోల్డ్ డ్వెల్ ఫెటీగ్ అంటారు. గంటైనా పది గంటలైనా ఒక సైకిలే అని పైన రాశా కదా, ఇలాంటి చోట ఎంతసేపు పట్టి ఉంచామన్నది కూడా లెక్కలోకి వస్తుంది. ఈ మూడు కేసుల్లోనూ లిమిట్ నంబర్ దాటకముందే పార్టు పోయింది, మూడు సార్లూ మెటల్ గురించి అనుకున్నదే తేడా కొట్టింది, అందుకే నేను ఈ ఫీల్డ్‌కి వెళ్తానన్న పిల్లలందరికీ ఒకటే చెప్తా, స్ట్రెస్ అనాలసిస్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం ఎలాగూ జరుగుతుంది, మెటలర్జీ, స్టాటిస్టిక్స్ ముందు పట్టుకోండి అని. మెకానికల్ పిల్లలు సరిగ్గా ఆ రెండిటి దగ్గరే జారుకుంటారు.

డిమాండ్ ఉందా అంటే, 2023 జులైలో ప్రాట్ అండ్ విట్నీ గేర్డ్ టర్బోఫాన్ ఇంజన్ల గొడవ విని ఉంటారు. 2015 చివర నుంచి 2021 వరకు తయారైన మెటల్ పౌడర్‌లో కలుషితం వచ్చింది, దానితో చేసిన టర్బైన్ డిస్కుల్ని అనుకున్న దానికంటే ముందే తీసి చూడాల్సి వచ్చింది, వందల ఏ320నియోలు నేలమీద కూర్చున్నాయి. అలాంటప్పుడు ఏ సీరియల్ నంబర్ డిస్క్ ఎన్ని సైకిల్స్ వరకు ఎగరొచ్చు అని కంపెనీ మొత్తం తిరిగి చూసేది ఈ లైఫింగ్ టీం వైపే.

ఇరుకు ఫీల్డా అంటే, ఇంజన్ కంపెనీల వరకు అవును, దాచను. జీఈ, ప్రాట్ అండ్ విట్నీ, రోల్స్ రాయిస్, సఫ్రాన్, ఎంటీయూ, హనీవెల్, ఇంకొన్ని, వాటికి పనిచేసే ఇంజనీరింగ్ సర్వీస్ కంపెనీలు, వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇంకో మెలిక కూడా ముందే తెలుసుకోండి, మిలిటరీ ఇంజన్ల పని చాలా దేశాల్లో ఆ దేశ పౌరులకే ఇస్తారు, అమెరికాలో అయితే ఎగుమతి నియంత్రణ చట్టాల వల్ల సివిల్ వైపు కూడా కొన్ని సీట్లు విదేశీయులకి అందవు, మాస్టర్స్‌కి ఏ దేశం అని ఎంచుకునేటప్పుడు ఫీజులతో పాటు ఇదీ చూడాలి, చాలామంది డిగ్రీ చేతికొచ్చాక చూస్తారు. కానీ నేర్చుకునే విద్య ఇరుకు కాదు. పగులు ఎప్పుడు పుడుతుంది, ఎంత వేగంగా పెరుగుతుంది, ఎప్పటికి ప్రమాదం అన్న ప్రశ్న పవర్ ప్లాంట్ టర్బైన్ రోటర్‌కీ రైలు ఇరుసుకీ అణు రియాక్టర్ పాత్రకీ ఎముకలో పెట్టే ఇంప్లాంట్‌కీ ఒకటే.

డిజైన్ ఆఫీసే కాకుండా చుట్టుపక్కల పనులు కూడా ఉన్నాయి, వాటి గురించి కాలేజీల్లో ఎవరూ చెప్పరు. ఎయిర్‌లైన్స్‌లో, ఇంజన్ లీజింగ్ కంపెనీల్లో డిస్కుల సైకిల్ ఖాతా చూసేవాళ్ళుంటారు. ఒక ఉదాహరణ చూడండి, ఒక డిస్క్‌కి తక్కువ థ్రస్ట్ రేటింగ్‌లో (ఇంజన్‌ని తక్కువ గరిష్ఠ శక్తికి సెట్ చేసినప్పుడు) లిమిట్ 20,000, అదే డిస్క్‌కి ఎక్కువ రేటింగ్‌లో 15,000 అనుకుందాం. తక్కువ రేటింగ్‌లో 5,000 ఎగిరాక దాన్ని ఎక్కువ రేటింగ్ ఇంజన్‌లో పెట్టారు, ఇంకెన్ని మిగిలాయి? 15,000 లోంచి 5,000 తీసేసి పదివేలు అంటే తప్పు. పావు వంతు జీవితం వాడేశారు, ముప్పావు మిగిలింది, 15,000లో ముప్పావు అంటే 11,250. ఇంతేనా అనిపిస్తుంది గానీ ఆ డిస్క్ పుట్టిన రోజు నుంచి ఏ ఇంజన్‌లో ఏ రేటింగ్‌లో ఎన్ని ఎగిరిందో ఒక్క కాగితం తగ్గినా ఈ లెక్క నిలబడదు, బాగున్న డిస్క్ కూడా కాగితం లేక విలువ లేనిదైపోతుంది. లెక్కలో పట్టుదల ఉన్నవాళ్ళకి ఇదీ మంచి ప్రవేశమే.

ఈ పని అందరికీ పడదు. ఒక పార్టు మీద నెలల తరబడి కూర్చోవాలి, రిపోర్టులు రాయాలి, రాసింది రివ్యూలో నలుగురు చీల్చి చెండాడతారు, మీరు చేసిన పని బాగుంటే ఏమీ జరగదు, ఏమీ జరగకపోవడమే రిజల్ట్. త్వరగా కనిపించేది ఏదో తయారుచేయాలి అనే పిల్లలు రెండేళ్ళలో విసిగిపోతారు. అమ్మాయి ఎలాంటిదో మీకంటే నాకు తెలీదు కదా, కాబట్టి ఖర్చు లేని పరీక్ష ఒకటి పెట్టండి, నేను పైన చెప్పిన యునైటెడ్ 232 మీద ఎన్‌టీఎస్‌బీ రిపోర్ట్ ఉచితంగా దొరుకుతుంది, చదవమనండి. పైలట్ల భాగం అందరూ ఊపిరి బిగబట్టి చదువుతారు, అది లెక్కలోకి రాదు. డిస్క్ మెటలర్జీ, ఇన్‌స్పెక్షన్ రికార్డుల భాగానికి వచ్చాక ఆగి నోట్స్ రాసుకుంటే ధైర్యంగా పంపండి, అక్కడ పేజీలు గబగబా తిప్పేస్తే ఇంకోసారి ఆలోచించండి.

మాస్టర్స్ మాట. ఏరోస్పేస్ అని పేరున్న కోర్సే కావాలని పట్టుబట్టొద్దు, ఫ్రాక్చర్ మెకానిక్స్ (పగుళ్ళు ఎలా పెరుగుతాయో చెప్పే శాస్త్రం), ఫెటీగ్, హై టెంపరేచర్ మెటీరియల్స్ గట్టిగా నేర్పి, థీసిస్‌కి టెస్టింగ్ ల్యాబ్ ఇచ్చే మెకానికల్ లేదా మెటీరియల్స్ కోర్సు ఇంకా మేలు. తన చేత్తో పది ముక్కలు విరగ్గొట్టి ఆ చెదురు డేటాకి వీబుల్ గీత (ఎన్ని ముక్కలు ఎప్పటికి విరుగుతాయో చూపే స్టాటిస్టిక్స్ గీత) గీసి, ఈ గీతని ఎంతవరకు నమ్మొచ్చో చెప్పగలిగిన పిల్లకి ఇంటర్వ్యూలో మాట్లాడ్డానికి సరుకుంటుంది. పైథాన్ ఎలాగూ రావాలి.

ఇక ఆ సాఫ్ట్‌వేర్ ఆఫర్. మాస్టర్స్ అడ్మిషన్‌కి ఎలాగూ టైం పడుతుంది, ఈలోపు జాయిన్ అవ్వడంలో తప్పేమీ లేదు, డబ్బు కలిసొస్తుంది, కోడింగ్ చెయ్యి తిరుగుతుంది. కానీ రెండేళ్ళు దాటనివ్వకండి, ఆ తర్వాత జీతం వదులుకోవడం కష్టం, సాలిడ్ మెకానిక్స్ కూడా మర్చిపోతుంది. బాండ్ ఏమైనా రాయించుకుంటున్నారా, ఎన్నేళ్ళకి, అది మీరు రాయలేదు, సంతకం పెట్టేముందు ఆ ఒక్క పేరా చదివి నాకు చెప్పండి. అలాగే ఆఖరి సెమిస్టర్‌లో ప్రాజెక్ట్ ఇంకా తేల్చుకోకపోతే ఫెటీగ్ టెస్టింగ్ మెషిన్ ఉన్న ల్యాబ్ ప్రొఫెసర్ దగ్గరికి ఈ వారమే వెళ్ళమనండి, ఆ మెషిన్లకి క్యూ పెద్దగా ఉంటుంది.